నాలుగంగుళాల గ్యాస్

వరంగల్,
24-2-1982, బుధవారం.

ఎస్తేరుకు,

ప్రభువు పేర వందనాలు. నేను ఇక్కడ క్షేమం, మీరందరూ అక్కడ క్షేమమని తలుస్తున్నాను. ఏ ఉత్తరంలోనైనా ఈ మాటలు రాయాలి కాబట్టి రాశాను గానీ రెండూ అబద్ధాలేనని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఒంట్లో జ్వరం, దగ్గు లాంటివి ఏమీ లేవు. ఆ మేరకు క్షేమమే అనుకో.

నీ ఉత్తరం పోయిన శుక్రవారం అందింది. ఇన్‌ల్యాండు కాగితం మడత పెట్టి అంటించే చోట కూడా ఖాళీ లేకుండా రాశావు. చింపి తెరిచేటప్పుడు రెండు మాటలు పోయాయి, మిగతాదంతా చదివాను. అడిగినవాటికి వరుసగా జవాబు రాస్తాను. చివర అడిగిన దానికి మాత్రం చివరనే. దాన్ని ముందు రాస్తే మిగతా ఉత్తరం నువ్వు చదవవు.

వంట నేనే చేసుకుంటున్నాను. పొద్దున ఒకసారి అన్నం వండుకుంటే రాత్రికి కూడా అదే. పచ్చిపులుసు కలపడం వచ్చింది, ఉప్పు ఎంత వేయాలో ఇంకా రాలేదు. పక్కింటి కట్టయ్య భార్య చిలుకమ్మ రెండుసార్లు కూర పంపింది. రెండోసారి గిన్నె తిరిగి ఇస్తుంటే, పెండ్లాన్ని పుట్టింట్ల ఎన్ని దినాలు ఉంచుతవని నిలబెట్టి అడిగింది. గిన్నె అక్కడ పెట్టి వచ్చేశాను. పాపకు కింది పళ్లు రెండు వచ్చాయని రాశావు. నేను చూడకుండానే వచ్చాయి. నన్ను చూస్తే గుర్తుపడుతుందో, కొత్త మనిషిని చూసినట్టు ఏడుస్తుందో.

నాకు మతి తప్పిందని, అన్నం కూడా తినకుండా పదో తరగతి పుస్తకం పట్టుకొని కూర్చుంటున్నానని చిలుకమ్మ నీకు రాయించిందట. పుస్తకం మాట నిజమే. ఏడో తరగతిలో బడి మాన్పించిన వాడికి పదో తరగతి పుస్తకం ఎందుకని అడిగావు. నువ్వు ఎగతాళికి అడగలేదని తెలుసు. నా జవాబు మీ నాన్న సంగతితో కలిసి ఉంది. ఆ రోజు నువ్వు వర్క్‌షాపులో లేవు. జరిగింది నీకు మామ చెప్పిన నాలుగు మాటల్లోనే తెలుసు. మామ ఏదైనా తక్కువ చేసే చెబుతాడు. అందుకని మొదటినుంచి రాస్తున్నాను, విసుక్కోకుండా చదువు.

మా వర్క్‌షాపు పెరట్లో నీళ్లు నింపిన పెద్ద సిమెంటు తొట్టి ఉంది. అందులో ఒక ఇనుప డ్రమ్ము బోర్లించి ఉంటుంది. పక్కన డబ్బాలో కార్బైడ్ రాళ్ల మీద నీళ్లు పడితే గ్యాస్ పుడుతుంది. అది పైపులోంచి డ్రమ్ము కిందికి చేరుతుంది. చేరినకొద్దీ డ్రమ్ము నీళ్లలోంచి పైకి లేస్తుంది, మేము వెల్డింగుకు వాడినకొద్దీ దిగుతుంది. పక్కకు ఒరగకుండా చుట్టూ మూడు ఇనుప కంబాలు పాతారు. డ్రమ్ము ఎంత పైకి ఉంటే అంత గ్యాస్ ఉన్నట్టు. వర్క్‌షాపులో అందరికీ తెలిసింది ఇంతే. మా ఓనరు రాజేశ్వర్ రావు సారుకూ ఇంతే తెలుసని అప్పుడు అనుకున్నాను.

నవంబరులో కార్బైడ్ ఎక్కువ ఖర్చవుతున్నదని సారుకు అనుమానం వచ్చింది. డిసెంబరు మొదటి వారం నుంచి, మధ్యాహ్నం మూడింటికి గ్యాస్ పని ఆపగానే కార్బైడ్ డబ్బా కడిగి, నీళ్ల టాపు, గ్యాస్ వాల్వు బంద్ చేసి, డ్రమ్ము పైఅంచు ఎక్కడ ఉన్నదో కంబం మీద సుద్దముక్కతో గీత పెట్టడం మొదలైంది. తెల్లారి ఏడింటికి వచ్చి చూస్తే డ్రమ్ము ఆ గీతకు నాలుగంగుళాలకు పైగా కిందికి దిగి ఉంది. మరునాడూ అంతే, ఆ తర్వాతా అంతే. సబ్బు నురుగు పూసి లీకు చూడమన్నారు. నేనే చూశాను. ప్రతి అతుకూ, వాల్వూ, పైపు మూలా చూశాను. ఎక్కడా బుడగ లేవలేదు. లీకు లేదని చెప్పాను. లేదు కాబట్టి లేదన్నాను. అది తప్పని నువ్వు కూడా ఎన్నడూ అనలేదు.

లీకు లేనప్పుడు, మూడు దాటాక ఎవరూ వాడనప్పుడు గ్యాస్ ఎటు పోయినట్టు? రాత్రి అక్కడ ఉండేది ఒక్క మనిషి, వాచ్‌మన్ ప్రభుదాసు. రోడ్డు మీది వెల్డర్లను లోపలికి రానిచ్చి, వాళ్ల ప్రైవేటు పనికి గ్యాస్ ఇచ్చి, చాయ్ పైసలు తీసుకుంటున్నాడని సారు తేల్చేశాడు. తేల్చడానికి ఆయనకు ఒక్క నిమిషం పట్టలేదు.

డిసెంబరు పదిహేడు, గురువారం పొద్దున మమ్మల్నందరినీ పెరట్లో నిలబెట్టి మామను పిలిచాడు. మామ అప్పుడే మొహం కడుక్కొని, తువ్వాలతో తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏం ప్రభుదాసూ, గిది సూడు. గీత ఏడున్నది, డ్రమ్ము ఏడున్నది? నడిమిట్ల గ్యాసు నువ్వు తాగినవా?"

"నాకెరుక లేదు సారూ. నేను గేటు కాడికెల్లి కదల్లే."

"అయితే అదే ఎగిరిపోయిందా? లీకు లేదని నీ అల్లుడే చెప్పవట్టె."

మామ నా వైపు చూడలేదు. కంబం దగ్గరికి వెళ్లి గీతను కాసేపు చూశాడు. సారు పోలీసు మాట ఎత్తాడు. పదకొండేళ్లు కాపలా కాసిన మనిషిని పోలీసుకు ఇస్తానని పదిమందిలో అన్నాడు. మామ మెడలోని విజిల్ తీశాడు. టార్చిలైటులో సెల్లులు తన సొంత పైసలతో వేయించినవి. వాటిని కూడా తీయకుండా విజిల్, టార్చి రెండూ బల్ల మీద పెట్టి, గేటు దాటి వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నమే నువ్వు పాపను ఎత్తుకొని, ఆయన వెంట రఘునాథపల్లి బస్సెక్కావు. నేను పని నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం ఉంది.

క్రిస్మస్ నాడు కూడా నాన్న కానుక సంచి పట్టలేదని నీ ఉత్తరంలో చదివాను. ఇరవై ఏళ్లుగా, ఈ పనిలో చేరాక కూడా ఆదివారం ఆదివారం ఊరికి వెళ్లి, మీ గుడిలో వరుస వరుసకూ ఆ సంచి తిప్పింది ఆయన చేతులే. జనవరి, ఫిబ్రవరి రెండు నెలల్లో మొదటి ఆదివారం ప్రభువు బల్లకు, ఆ రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి కూడా లేవలేదని రాశావు. పాస్టరు అయ్యగారు ఇంటికి వచ్చి బతిమాలితే, "మంది ముందట దొంగనన్నరు అయ్యగారూ. మంది ముందట కాదని తేలినంక తీసుకుంట" అన్నాడట. అత్త సువార్తమ్మ రోజూ దీనికే ఏడుస్తున్నదని రాశావు. చదివి ఆ రాత్రి పొయ్యి వెలిగించలేదు.

ఇప్పుడు పుస్తకం సంగతి. ఫిబ్రవరి ఏడు, ఆదివారం. కొత్త వాచ్‌మన్ ఉప్పలయ్య పరకాలలో ఎవరో పోతే వెళ్లాడు. పగలంతా వర్క్‌షాపులో నన్ను కూర్చోమన్నారు. గుడికి వెళ్లాల్సిన రోజే. వెళ్లబుద్ధి కాక ఒప్పుకున్నాను. పొద్దున ఏడింటికి డ్రమ్ము దిగి ఉంది. మామ పోయి యాభై రోజులైనా దిగుతూనే ఉంది, ఆ సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. దొంగ దొరికాక ఎవరు చూస్తారు? జేబులో సుద్దముక్క ఉంటే డ్రమ్ము అంచుకు సరిగ్గా కంబం మీద గీత పెట్టి, మెట్టు మీద కూర్చున్నాను.

పది గంటలకు చూస్తే అంచు గీతకు అంగుళమున్నర పైకి ఉంది. నా కళ్లే తప్పనుకున్నాను. డబ్బా ఖాళీ, టాపులు బంద్, మనిషన్నవాడు రాలేదు. పన్నెండింటికి మూడంగుళాలు. రెండున్నరకు స్కేలు పెట్టి కొలిచాను, నాలుగూ ముప్పావు. ఎండలో ఆ నల్ల ఇనుము చెయ్యి ఆనించలేనంత కాలుతున్నది. ఎస్తేరూ, దొంగిలించిన గ్యాస్‌ను ఏ దొంగా పట్టపగలు తెచ్చి మళ్లీ నింపడు. అసలు పోయింది ఏదీ లేదు. మేము పనిరోజుల్లో పొద్దున ఏడింటికే వాడటం మొదలుపెడతాం కాబట్టి, అది తనంతట తాను లేవడం ఒక్కనాడూ చూడలేదు.

ఎందుకు లేస్తుందో తెలియాలి. హన్మకొండ చౌరస్తాలో పాత పుస్తకాలాయన దగ్గర సైన్సు పుస్తకం కొన్నాను. అట్ట లేదు, ఎవరో పేజీలన్నిటికీ పెన్సిలు గీతలు కొట్టారు. మూడు రోజులు వెతికితే దొరికింది. పీడనం మారకుండా ఉంటే, వాయువు ఎంత వేడెక్కితే ఘనపరిమాణం అంతగా పెరుగుతుంది, చల్లబడితే అదే లెక్కన తగ్గుతుంది. ఛార్లెస్ నియమం అంటారు. పీడనం అంటే నొక్కుడు. మా డ్రమ్ము బరువు పొద్దున ఎంతో మధ్యాహ్నమూ అంతే, కాబట్టి గ్యాస్ మీద నొక్కుడు ఎప్పుడూ ఒకటే. నొక్కుడు మారనప్పుడు వేడెక్కిన గ్యాస్ ఎక్కువ చోటు తీసుకుంటుంది, డ్రమ్మును పైకి లేపుతుంది. చలికి దగ్గరకు ముడుచుకుంటుంది, డ్రమ్ము దిగుతుంది. గ్యాస్ మాత్రం ఎంత ఉన్నదో అంతే.

లెక్కలో ఒక మెలిక ఉంది. మనం చెప్పుకునే డిగ్రీలకు 273 కలపాలి. అది అర్థం కావడానికే నాకు నాలుగు రోజులు పట్టింది. చెప్పేవాడు లేడు. ఫోటో స్టూడియో ఆయన మందునీళ్లలో ముంచే థర్మామీటరు అడిగి తెచ్చి, పొద్దునా మధ్యాహ్నమూ డ్రమ్ముకు ఆనించి చూశాను. పొద్దున 16, మధ్యాహ్నం 42. కలిపితే 289, 315. మధ్యాహ్నం గ్యాస్ ఎత్తు నలభై ఎనిమిది అంగుళాలు. 315లో 26 తగ్గితే నలభై ఎనిమిదిలో ఎంత తగ్గాలి? నాలుగు. చిమ్నీ దీపం కింద ఆ నాలుగు చూసి నాకు సంతోషం కలగలేదు, ఆ నాలుగంగుళాలకే మామ విజిల్ తీసి పెట్టాడు. నేను కొలిచింది నాలుగూ ముప్పావు కదా, ఆ ముప్పావు ఎక్కడిదో ఇంకా దొరకలేదు. తొట్టిలో నీళ్ల ఆవిరి కూడా దానిలో కలుస్తుందేమో. వెతుకుతున్నాను. తెలియనిదాన్ని తెలిసినట్టు ఇక చెప్పను.

మొన్న సోమవారం పుస్తకం పట్టుకొని సారు గదిలోకి వెళ్లాను. గోడ మీద ఆయన బీఎస్సీ పట్టా అద్దం కట్టించి ఉంటుంది, నీకు తెలుసు. పేజీ తెరిచి మొదటి మాట చదివానో లేదో, ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు సగం మూసుకొని ఆ నియమం మొత్తం ఇంగ్లీషులో అప్పజెప్పాడు. ఒక్క మాట తడబడలేదు.

"ఛార్లెస్ లా. మా పరీక్షల గిదే వచ్చింది" అన్నాడు.

"మరి మన డ్రమ్ముకు ఎందుకు చూడలే సారూ?"

"అది సదువు, ఇది కార్ఖానా. దానికీ దీనికీ ఏం సంబంధం రా?"

నేను తెలియక పొరపడ్డాను. ఆయనకు నోటికి వచ్చి ఉండి కూడా ఒక ముసలి మనిషిని దొంగను చేశాడు. ఏది పెద్ద తప్పో నువ్వే చెప్పు.

మాటలతో కాదని పెరట్లోకి పిలిచాను. మధ్యాహ్నం రెండు గంటలు, అందరూ ఉన్నారు. వాల్వు బంద్ చేసి, దానికి తాళం వేసి, తాళంచెవి సారు చేతికే ఇచ్చాను. కంబం మీద గీత పెట్టి, బావి నీళ్లు బకెట్లతో తోడి ఆ కాలే డ్రమ్ము మీద పోస్తూ పోయాను. మన పక్కింటి కట్టయ్యది కూడా మా వర్క్‌షాపే కదా, ఆయనే తోడి ఇచ్చాడు. పదిహేను బకెట్లయ్యేసరికి అంచు గీతకు మూడంగుళాలు కిందికి దిగింది, అందరి కళ్ల ముందర.

"సారూ, పట్టపగలే దొంగలు వడ్డరు" అన్నాడు కట్టయ్య. "తాళంచెవి మీ చేతులనే ఉండె. ప్రభుదాసు తాతనేమో రఘునాథపల్లిల ఉండె."

అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. గంటన్నర ఎండకు డ్రమ్ము మళ్లీ గీత దాకా లేచేవరకు నేను అక్కడినుంచి కదలలేదు. అది కూడా ఆయనకు చూపించాను. తర్వాత గదిలోకి పోయి రెండే అడిగాను. మామను మళ్లీ పనిలోకి తీసుకోవాలి. లేదంటే, మా వాచ్‌మన్ దొంగ కాదని రెండు వాక్యాలు కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వాలి, అయ్యగారికి చూపించుకుంటాం.

"నువ్వన్నది కరెక్టే గావచ్చు" అన్నాడు. "గని నేను కాయితం రాసిస్తే రేపు మందిల నా మాటకు ఏం ఇజ్జత్ ఉంటది? ముసలోడు పోయి రెండు నెల్లాయె. ఏప్రిల్ల నిన్ను ఫోర్‌మన్ జేస్తన్న గద, నీ పని నువ్వు సూస్కో."

నీ ఫోర్‌మన్ పని నాకు వద్దన్నాను. రేపటినుంచి రానన్నాను. ఇంకా అన్నాను, అవి నీకు రాయను, పాప పక్కన కూర్చొని చదువుతావు. ఆయన కోప్పడలేదు. ఫైలు తిప్పుకుంటూ ఒక్క మాట అన్నాడు.

"గంత నీతిమంతునివైతే ఆనాడు నోట్లె ఏం వెట్టుకున్నవ్?"

ఎస్తేరూ, ఆయనను ఎంత తిట్టినా ఆ మాట మాత్రం నిజమే. ఇప్పుడు నీ చివరి ప్రశ్న దగ్గరికి వస్తున్నాను. మా నాయిన చేయలేదని నీకు ఆనాడు నమ్మకమేనా అని అడిగావు.

గీత నేను పెట్టాను. రోజూ పెట్టింది నేనే, ఆ ఆలోచనా నాదే. కార్బైడ్ సంగతి సారు ఎత్తినప్పుడు, మనుషుల మాట ఎందుకు సారూ, డ్రమ్ముకు గీత పెడితే అదే చెబుతుందని నేనే అన్నాను. మామను పట్టించాలని కాదు. ఏడో తరగతి వాడికి బుర్ర ఉందని ఆయనకు చూపించాలనుకున్నాను. ఆయన భుజం తట్టి ఫోర్‌మన్ మాట చెప్పింది ఆ రోజే. నీకు ఆ మాట అప్పుడు చెప్పలేదు. పని దొరికాక చెప్పి మురిపిద్దామనుకున్నాను.

మామ ఆ పొద్దున కంబం దగ్గర గీతను కాసేపు చూశాడని పైన రాశాను. చూసి ఒక మాట అడిగాడు. అది దాచాను. "ఈ గీత ఎవలు గీసిండ్రు?" అన్నాడు. సారును అడగలేదు, అందరినీ కలిపి అడిగాడు. గీత పెట్టినవాడు ఎవడో పిలిస్తే, ఏ వేళ పెట్టాడో, డ్రమ్ము అప్పుడు ఎట్లా ఉందో అడుగుదామని ఆయన ఉద్దేశం. సరైన ప్రశ్న అది. అంతమందిలో సరైన ప్రశ్న అడిగింది ఆయన ఒక్కడే. సారు నా వైపు చూశాడు. చెప్పాల్సింది నేను. సుద్దముక్క నా అంగీ జేబులో ఉంది, నేను తల వంచుకొని నిలబడ్డాను. ఎవరూ జవాబు ఇవ్వకపోయేసరికి మామ మళ్లీ అడగలేదు, విజిల్ తీసి పెట్టాడు.

ఎందుకు మాట్లాడలేదంటావు. ఫోర్‌మన్ ఆశ ఒకటి. రెండోది దానికంటే చెడ్డది. ఆ పొద్దున నేను నమ్మాను. లీకు లేదని నా చేతులతో చూశాను, గీత నా చేతులతో పెట్టాను, నా చేతుల మీద నాకు అంత గర్వం. నా కొలత తప్పు కాదు, కాబట్టి మీ నాన్నే తప్పు చేశాడనుకున్నాను. చలికి తట్టుకోలేక ఎవరో ఇచ్చిన చాయ్‌కి లొంగాడేమో, ముసలి మనిషి, పోనీలే అని లోపల జాలి కూడా పడ్డాను. ఆ జాలి తలచుకుంటే ఇప్పుడు నా మొహం నాకే చూడబుద్ధి కాదు. కొలత నిజంగానే తప్పు కాదు. అది ఏం చెబుతున్నదో తెలుసుకోకుండా మనిషిని నిలబెట్టడం తప్పు.

మార్చి ఏడు మొదటి ఆదివారం. పొద్దుటి బస్సుకు వస్తాను. ఇంటికి రాను, నేరుగా గుడికి వస్తాను. అయ్యగారు బల్ల మీది గుడ్డ తీయకముందే లేచి చెబుతాను. 273 లెక్కలు అక్కడ ఎవరికీ అక్కర్లేదు, అవి అడిగినవాళ్లకు తర్వాత చెబుతాను. ముందు చెప్పేది గీత సంగతి. పదిమందిలో అడిగిన మాటకు పదిమందిలోనే జవాబు ఇవ్వాలి.

ఒక్కటి అడుగుతున్నాను. ఈ ఉత్తరం మీ నాన్నకు చూపించకు, అత్తకు కూడా చెప్పకు. చెబితే ఆయన బస్సు స్టాండు దాకా ఎదురొచ్చి, పోనియ్ బిడ్డా అంటాడు. అంతటితో అయిపోతుంది. తర్వాత ఆ మాటను నేను గుడి దాకా మోసుకుపోలేను, నా సంగతి నాకు తెలుసు. నాకు అంత సులువు కావద్దు.

నిన్ను రమ్మని ఈ ఉత్తరంలో రాయడం లేదు. ఆ రోజు ఆడవాళ్ల వైపు కూర్చొని విను, అంతే. విన్న తర్వాత నాతో మాట్లాడాలనిపిస్తే మాట్లాడు. లేకపోతే పాపను ఒకసారి చూసుకొని, మూడు గంటల బస్సుకు నేనొక్కడినే తిరిగి వస్తాను.

ఇట్లు,
నువ్వు ఇంకా ఒప్పుకుంటే నీ పెనిమిటి,
సుందర్ రావు